ఈ20 పెట్రోల్: నాన్న పాత బండి అమ్మేయాలా, ఉంచుకోవాలా?

 

పోయిన వారం మా నాన్న ఫోన్ చేశారు. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే "తిన్నావా, ఎప్పుడొస్తున్నావ్", అంతే. ఒక్క నిమిషంలో పెట్టేస్తారు. ఈసారి మాత్రం కొంచెం కంగారుగా ఉన్నారు. "ఒరేయ్, ఇప్పుడొచ్చే పెట్రోల్ పోస్తే పాత బండ్ల ఇంజన్లు పోతాయంట కదా? మన బండికి ఒకతను పన్నెండు వేలు ఇస్తానంటున్నాడు. ఇచ్చేయమంటావా?" అని అడిగారు.

మాది 2008 మోడల్ 100 సీసీ బండి. పొలానికైనా, బజారుకైనా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే హాస్పిటల్‌కైనా అదే. నేను చిన్నప్పుడు స్కూల్‌కి వెళ్లింది కూడా దాని ట్యాంకు మీద కూర్చునే. అలాంటి బండిని ఎవరో ఫార్వర్డ్ చేసిన ఒక రీల్ చూసి అమ్మేయడమా అనిపించింది. అలాగని "ఏం కాదులే నాన్నా" అని చెప్పేయడానికి కూడా నోరు రాలేదు. ఎందుకంటే నాకే సరిగ్గా తెలీదు.

"నాలుగు రోజులు ఆగండి, చెప్తాను" అన్నాను. ఆ నాలుగు రోజులూ దీని గురించే చదివాను, ఆదివారం ఊరెళ్లి మెకానిక్ అన్న షెడ్డులో బండి కార్బొరేటర్ విప్పించి చూశాను. తెలిసిందంతా ఇవాళ మీకు చెప్తాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత బండి ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి చివరిదాకా వినండి.

అసలు ఈ20 అంటే ఏంటి?

వంద లీటర్లలో 80 లీటర్లు పెట్రోల్, 20 లీటర్లు ఇథనాల్. అంతే. ఇథనాల్ అంటే ఒక రకం ఆల్కహాల్. మన దేశంలో దీన్ని చెరకు రసం నుంచి, పంచదార తీశాక మిగిలే మొలాసిస్ నుంచి, మొక్కజొన్న నుంచి, బియ్యం నూకల నుంచి తయారు చేస్తున్నారు. అందులో నీళ్లు దాదాపు పూర్తిగా తీసేసి, అప్పుడు పెట్రోల్‌లో కలుపుతారు.

ఇదేదో నిన్న మొన్న ఊడిపడింది కాదు. 2003లోనే కొన్ని రాష్ట్రాల్లో 5 శాతం కలపడం మొదలైంది, అందులో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2018లో వచ్చిన జాతీయ జీవ ఇంధన విధానం 2030 కల్లా 20 శాతం అని టార్గెట్ పెట్టింది. తర్వాత దాన్ని ఐదేళ్లు ముందుకి జరిపారు. 2022 జూన్ నాటికి దేశవ్యాప్తంగా 10 శాతానికి చేరాం. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో ఈ20 మొదలైంది. 2025కి వచ్చేసరికి దాదాపు అన్ని బంకుల్లోనూ అదే.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, మా నాన్న బండి ఇప్పుడు కొత్తగా ఇథనాల్ తాగడం మొదలుపెట్టలేదు. కొన్నేళ్లుగా 10 శాతం తాగుతూనే ఉంది. ఇప్పుడు ఆ డోసు డబుల్ అయ్యింది. కాబట్టి "రాత్రికి రాత్రి ఇంజన్ పేలిపోతుంది" అనే మాట నమ్మక్కర్లేదు. అలాగని "అస్సలు తేడా లేదు" అనేది కూడా నిజం కాదు. నాలుగు తేడాలున్నాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది, మైలేజ్.

ఇది నమ్మకాల గురించి కాదు, లెక్క. ఒక లీటరు పెట్రోల్‌లో సుమారు 32 మెగాజౌల్స్ శక్తి ఉంటుంది. ఒక లీటరు ఇథనాల్‌లో సుమారు 21 మాత్రమే. అంటే మూడింట రెండొంతులు. ఇప్పుడు రెండూ కలిపి లెక్కేస్తే, ఇథనాల్ లేని పెట్రోల్ కంటే ఈ20 లీటర్‌లో దాదాపు 7 శాతం శక్తి తక్కువ. ఇప్పటిదాకా పోయించిన ఈ10తో పోలిస్తే మూడున్నర శాతం తక్కువ.

2021 జూన్‌లో నీతి ఆయోగ్ ఇథనాల్ రోడ్‌మ్యాప్ అని ఒక రిపోర్ట్ ఇచ్చింది. అందులో కూడా దాదాపు ఇదే ఉంది. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం డిజైన్ చేసి, ఈ10కి ట్యూన్ చేసిన కార్లలో 6 నుంచి 7 శాతం, అలాంటి టూవీలర్లలో 3 నుంచి 4 శాతం మైలేజ్ తగ్గొచ్చని రాశారు. ఈ10 కోసం డిజైన్ చేసి, ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో అయితే 1 నుంచి 2 శాతమే.

దీన్ని డబ్బుల్లోకి మారుద్దాం. హైదరాబాద్‌లో డెలివరీ చేసే తమ్ముడొకడు రోజుకి 100 కిలోమీటర్లు తిరుగుతాడు అనుకోండి. బండి లీటర్‌కి 60 ఇస్తుంది. మూడున్నర శాతం తగ్గితే 58 ఇస్తుంది. లీటరు 107 రూపాయల లెక్కన రోజుకి ఆరు రూపాయల పైన ఎక్స్‌ట్రా. నెలకి 26 రోజులు వేసుకుంటే 160, 170 రూపాయలు. సంవత్సరానికి రెండు వేలు. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకి రాదు. కానీ ఆ తమ్ముడికి అది రెండు టైర్లలో ఒక టైరు ఖర్చు.

ఇంకో విషయం. "60 ఇచ్చే బండి ఇప్పుడు 45 ఇస్తోంది, అంతా ఈ20 వల్లే" అని చాలామంది అంటున్నారు. అది 25 శాతం తగ్గుదల. ఇథనాల్ ఒక్కదానివల్ల అంత తగ్గే అవకాశం లేదు, లెక్క ప్రకారం కుదరదు. మీ బండికి అలా అవుతుంటే ఎయిర్ ఫిల్టర్ చూపించండి, టైర్లలో గాలి చూడండి, బ్రేకు పట్టేస్తోందేమో చూడండి, చైన్ ఎండిపోయిందేమో చూడండి. ఈ20ని తిడుతూ కూర్చుంటే అసలు రోగం లోపలే ఉండిపోతుంది.

రెండోది, రబ్బరు, లోహం.

ఇథనాల్ ఒక మంచి సాల్వెంట్. అంటే చాలా వాటిని కరిగిస్తుంది, కొన్నిటిలోకి ఇంకిపోతుంది. పాత బండ్లలో పెట్రోల్ పైపు, ట్యాప్ లోపలి వాషర్లు, కార్బొరేటర్‌లో ఓ-రింగులు, ఇవన్నీ ఇథనాల్ లేని రోజుల్లో వాడిన రబ్బరుతో చేసినవి. ఇథనాల్ తగిలితే కొన్ని రకాల రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, లేదా గట్టిపడి పగుళ్లిస్తుంది. పెట్రోల్ కారడం అక్కడే మొదలవుతుంది. కార్బొరేటర్ బాడీలో ఉండే జింకు, అల్యూమినియం లాంటివి కూడా, ముఖ్యంగా నీటి తడి తోడైతే, తుప్పు పట్టొచ్చు.

2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ దీని మీద ఒక వివరణ ఇచ్చింది. ఈ20 వల్ల పెద్ద నష్టం లేదంటూనే, కొన్ని పాత బండ్లలో 20 నుంచి 30 వేల కిలోమీటర్లు వాడాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావొచ్చని, అది పెద్ద ఖర్చేమీ కాదని చెప్పింది. అంటే ప్రభుత్వమే ఒప్పుకున్న విషయం ఇది.

మరి మా బండిలో ఏం కనపడింది? మెకానిక్ అన్న పైపు పీకి వేళ్లతో వంచి చూపించాడు. సన్నగా పగుళ్లు. ట్యాప్ వాషర్ ఉబ్బి ఉంది. నేను వెంటనే "ఇథనాల్ వల్లేనా అన్నా?" అన్నాను. ఆయన నవ్వి, "ఈ పైపు బండితో పాటే వచ్చింది తమ్ముడూ. పదిహేడేళ్లయ్యింది. మీ నాన్న ఒక్కసారి కూడా మార్చలా. ఇథనాల్‌ని అనాలా, మీ నాన్నని అనాలా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. వయసు ఎంత, ఇథనాల్ ఎంత అని విడదీసి చెప్పలేం. కానీ ముసలి రబ్బరు మీద ఇథనాల్ ఇంకాస్త త్వరగా పని చేస్తుంది, అది మాత్రం ఖాయం.

మూడోది, నీళ్లు. నన్నడిగితే అసలు డేంజర్ ఇదే.

పెట్రోల్‌కీ నీళ్లకీ పడదు. ఇథనాల్‌కి మాత్రం నీళ్లంటే ప్రాణం. గాల్లో ఉన్న తేమని కూడా లాక్కుంటుంది. కొంచెం నీళ్లు చేరితే పర్లేదు, పెట్రోల్‌లో కలిసిపోయి ఇంజన్‌లోకి వెళ్లి ఆవిరైపోతాయి. కానీ ఒక హద్దు దాటితే ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతుంది. మీ పెట్రోల్ ట్యాప్ లాగేది అడుగు నుంచే. అంటే ఇంజన్‌కి పెట్రోల్ బదులు నీళ్లూ ఆల్కహాలూ వెళ్తాయి. బండి మిస్సింగ్ కొట్టి ఆగిపోతుంది. పైగా ఆ అడుగు పొర ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది.

మీరు చూసే ఉంటారు, రీల్స్‌లో ఒకతను సీసాలో పెట్రోల్ పోసి, కొంచెం నీళ్లు కలిపి ఊపుతాడు. అడుగున నీళ్ల పొర పోసినదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. "చూశారా, బంకోడు నీళ్లు కలిపాడు" అంటాడు. అక్కడ జరిగేది ఇదే. పెట్రోల్‌లో ఉన్న ఇథనాల్ నీళ్లలోకి దిగిపోయింది కాబట్టి అడుగు పొర పెరిగింది. అది ఇథనాల్ ఉందని రుజువు చేస్తుందే తప్ప, బంకులో మోసం జరిగిందని కాదు. ఇంట్లో మీరు మాత్రం చేయకండి, పెట్రోల్‌తో ఆటలొద్దు.

రోజూ నడిచే బండికి ఈ నీళ్ల సమస్య దాదాపు రాదు, పాత పెట్రోల్ అయిపోయి కొత్తది వస్తూ ఉంటుంది కదా. ఇబ్బందంతా నెలల తరబడి మూల పెట్టిన బండికి. వైజాగ్, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్లలో గాల్లో తేమ ఎక్కువ. అక్కడ వానాకాలంలో సగం ట్యాంకుతో ఆరుబయట వదిలేసిన బండి సంగతి ఆలోచించండి. హాస్టల్‌కి పోతూ ఇంటి దగ్గర బండి వదిలేసే స్టూడెంట్స్, ఇది మీకే.

నాలుగోది, కార్బొరేటర్ ట్యూనింగ్.

ఇంజన్‌లో పెట్రోల్ సరిగ్గా మండాలంటే దానికి తగ్గ గాలి కావాలి. మామూలు పెట్రోల్‌కి ఒక కిలోకి 14.7 కిలోల గాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది కాబట్టి దానికి 9 కిలోలు చాలు. ఈ20కి సుమారు 13.5. ఇప్పుడు 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆక్సిజన్ సెన్సార్ ఉంటాయి. గాలి ఎక్కువైందని సెన్సార్ చెప్తే కంప్యూటర్ ఇంకొంచెం పెట్రోల్ కొడుతుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. జెట్ రంధ్రం ఎంతుంటే అంతే పోస్తుంది. దాంతో మిశ్రమంలో గాలి పాలు ఎక్కువవుతుంది. మెకానిక్ల భాషలో లీన్ అవుతుంది.

లీన్ అయితే ఏమవుతుంది? ఐడ్లింగ్‌లో ఆగిపోవడం, పికప్‌లో చిన్న తడబాటు, ఇంజన్ వేడెక్కడం. పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోల్ కంటే చాలా ఎక్కువ వేడి కావాలి. అందుకే చలికాలం పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ ఎక్కువ. లంబసింగి, ఆదిలాబాద్ వైపు వాళ్లకి డిసెంబర్‌లో కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పి పుడుతుంది.

మా బండి స్పార్క్ ప్లగ్ విప్పితే చివర తెల్లగా ఉంది. కాఫీ రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు, నల్లగా మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతున్నట్టు, తెల్లగా ఉంటే లీన్. మెకానిక్ అన్న కార్బొరేటర్ క్లీన్ చేసి, స్క్రూ కొంచెం తిప్పి ట్యూనింగ్ సెట్ చేశాడు. పది నిమిషాల పని.

మరి మంచి ఏమీ లేదా?

ఉంది, అది కూడా చెప్పాలి. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ. మామూలు పెట్రోల్ 91 అయితే ఈ20 సుమారు 95. అంటే ఇంజన్ నాకింగ్ తగ్గుతుంది. నీతి ఆయోగ్ రిపోర్ట్ ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ పొగ టూవీలర్లలో 50 శాతం, కార్లలో 30 శాతం తగ్గింది. చెరకు, మొక్కజొన్న రైతుకి ఇంకో మార్కెట్ దొరికింది. దిగుమతి చేసుకునే క్రూడాయిల్ తగ్గి, లక్ష కోట్ల రూపాయలకి పైగా విదేశీ మారకం ఆదా అయ్యిందని ప్రభుత్వం చెప్తోంది.

"బ్రెజిల్‌లో 27 శాతం కలుపుతున్నారు, అక్కడ ఇంజన్లు పోయాయా?" అని కొందరు అడుగుతారు. నిజమే, 2025 ఆగస్టులో వాళ్లు 30 శాతానికి కూడా వెళ్లారు. కానీ బ్రెజిల్ ఈ పని 1975లో మొదలుపెట్టింది. 2003 నుంచి ఏ పాళ్లలో పోసినా నడిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ కార్లు అక్కడ వచ్చాయి. అంటే బండ్లు, ఇంధనం కలిసి పెరిగాయి. మన దగ్గర 10 నుంచి 20కి మూడేళ్లలో వచ్చేశాం. ఈ20ని తట్టుకునే మెటీరియల్‌తో బండ్లు రావడం 2023 ఏప్రిల్ నుంచే మొదలైంది. అంతకుముందు అమ్మిన కోట్ల బండ్లు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి.

నాకు అసలు బాధ ఇక్కడే. అదే నీతి ఆయోగ్ రిపోర్ట్‌లో ఇంకో మాట కూడా ఉంది. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌లో శక్తి తక్కువ కాబట్టి, దాని ధర మామూలు పెట్రోల్ కంటే తక్కువ ఉండాలని. అది జరగలేదు. ఇథనాల్ కొనే ధరే పెరిగిపోయిందని, 2025 జులై నాటికి లీటరు సగటున 71 రూపాయలు దాటిందని ప్రభుత్వం అంటోంది. కారణం ఏదైనా, బంకు దగ్గర రేటు అదే, లీటర్‌లో సరుకు మాత్రం కొంచెం తక్కువ. ఇథనాల్ లేని పెట్రోల్ కూడా ఒక ఆప్షన్‌గా ఉంచాలని ఒకరు సుప్రీంకోర్టుకి వెళ్తే, 2025 సెప్టెంబర్ 1న ఆ పిటిషన్ కొట్టేశారు. కాబట్టి మామూలు పెట్రోల్‌లో ఇప్పటికైతే ఛాయిస్ దాదాపు లేనట్టే. దేశానికి లాభమే కావచ్చు, కానీ ఆ లాభానికి అయ్యే ఖర్చులో ఒక వాటా పాత బండి ఉన్నవాడు నిశ్శబ్దంగా కడుతున్నాడు. కొత్త బండి కొనే స్తోమత లేకే కదా అతను పాత బండి నడిపేది. కనీసం "నీకు ఇంత తేడా వస్తుంది, ఇవి మార్చుకో" అని బంకు దగ్గర ఒక బోర్డు పెట్టి చెప్పినా ఇంత భయం ఉండేది కాదు.

సరే, ఇప్పుడు మనం చేయాల్సింది ఏంటో చెప్తాను. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, మీ బండి మాన్యువల్‌లో కానీ, పెట్రోల్ మూత దగ్గర స్టిక్కర్‌లో కానీ ఈ10 అని ఉందా, ఈ20 అని ఉందా చూడండి.

రెండు, 2023కి ముందు బండి అయితే తర్వాతి సర్వీసింగ్‌లో పెట్రోల్ పైపు, ట్యాప్ వాషర్, కార్బొరేటర్ ఓ-రింగులు మార్చమని అడగండి. ఈ20 తట్టుకునే రకం వేయమని గట్టిగా చెప్పండి, లేకపోతే మళ్లీ పాత రకమే వేస్తారు.

మూడు, పెట్రోల్ ఫిల్టర్ మార్చండి. పాత ట్యాంకులో పేరుకున్న మడ్డిని ఇథనాల్ కదిలిస్తుంది, అది వచ్చి ఫిల్టర్‌లో ఇరుక్కుంటుంది.

నాలుగు, నెల కంటే ఎక్కువ బండి తీయం అనుకుంటే, ట్యాప్ కట్టేసి, కార్బొరేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపండి. నీడలో, వాన పడని చోట పెట్టండి. పాత ఇనుప ట్యాంకు అయితే నిండా ఉంచడం మంచిది, ఖాళీ జాగా ఉంటేనే తేమ చేరేది. ఇంట్లో ఎవరైనా వారానికోసారి ఒక రౌండ్ తిప్పితే ఇంకా మంచిది.

ఐదు, ప్లగ్ రంగు చూపించి ట్యూనింగ్ చేయించండి.

ఆరు, "ఈ సీసా పోస్తే ఇథనాల్ మాయం" అని అమ్మే వాటికి డబ్బులు పోయకండి. సీసాలో మందు పోస్తే ఇథనాల్ ఎక్కడికీ పోదు. అలాగే ప్రీమియం పెట్రోల్ అంటే ఇథనాల్ లేదని అనుకోకండి. పేరు వేరు, ఇథనాల్ ఉండడం లేకపోవడం వేరు.

ఏడు, పెట్రోల్ వాసన వస్తే, కారుతుంటే మాత్రం రేపు చూద్దాం అనొద్దు. బండి ఆపండి. అది మైలేజ్ సమస్య కాదు, నిప్పు సమస్య.

మా బండికి పైపు, వాషర్, ఫిల్టర్, ఓ-రింగులు, ప్లగ్, మెకానిక్ అన్న కూలి, అన్నీ కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. సాయంత్రం నాన్న బండి తీసి ఊరి చివర చెరువు దాకా వెళ్లొచ్చారు. దిగాక "ఏంట్రా, పికప్ బాగుందే" అన్నారు. ఆ పన్నెండు వేల పెద్దమనిషికి ఫోన్ చేసి, "అమ్మట్లేదు బాబూ" అని చెప్పేశారు.

మీ ఇంట్లో పాత బండి ఉంటే ఈ ఎపిసోడ్ మీ నాన్నకో, బాబాయికో, మావయ్యకో చూపించండి. ఎవరో భయపెడితే బండి అమ్ముకోవద్దని చెప్పండి, ఏం కాదంటే నమ్మి వదిలేయొద్దని కూడా చెప్పండి. ఈ ఆదివారం ఒక్కసారి ఆ పెట్రోల్ పైపు వంచి చూడండి, చాలు. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. హెల్మెట్ పెట్టుకోండి, జాగ్రత్తగా వెళ్లండి. ఉంటాను మరి.